సారు సర్వీసు పలక్కపోతే

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పై అంతస్తులో చక్రపాణి గారి సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కింద బస్సుల మోత, పక్కన కోచింగ్ సెంటర్ మైకు. అంత గోలలోనూ ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కానీ ఆయన అడిగే ఒక్క ప్రశ్నకు ఆఫీసంతటికీ గుండెల్లో రాయి పడేది. ఎవరు ఏ ప్రోగ్రామ్ రాసుకొచ్చి చూపినా ఓపిగ్గా మొత్తం విని, కళ్లజోడు తుడుచుకుంటూ, "అంతా బాగుంది. అవతలివాడు పలక్కపోతే నువ్వేం చేస్తావు?" అనేవారు.

ఆయన పద్ధతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను ఒకే ముద్దగా చెయ్యకూడదు, చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టాలి. ఒక్కో సర్వీసుకు ఒక్కటే పని. ఇంకోదానితో అవసరం పడితే అడిగి తెలుసుకోవాలే తప్ప దాని ఇంట్లో జొరబడకూడదు. అది జవాబు చెప్పకపోయినా తన పని తాను చేసుకుపోవాలి. ప్రవీణ ఇవన్నీ కాలేజీలో బట్టీపట్టి మంచి మార్కులే తెచ్చుకుంది. ఆ మార్కులు ఎందుకూ కొరగావని తెలుసుకోవడానికి ఆమె చక్రపాణి గారి దగ్గర చేరాల్సి వచ్చింది.

అప్పుడు వాళ్ల చేతిలో ఉన్న పని బాటసింగారం దారిలో కొత్తగా పెడుతున్న ఒక ప్రైవేటు పండ్ల యార్డుది. లారీ రాగానే టోకెన్ ఇచ్చేది గేటు సర్వీసు. బరువు చూసేది కాంటా సర్వీసు. సరుకు ఏ రైతుది, ఏ తోటది అని చెప్పేది వివరాల సర్వీసు. గేటు ప్రవీణ రాసింది. వివరాల సర్వీసు చక్రపాణి గారే స్వయంగా రాశారు.

ప్రవీణకు ఆ గేటు మీద ప్రాణమంతా ఉండేది. ఆమె తండ్రి రామచంద్రం ఎల్బీనగర్ పాతకాపు. అక్కడి పొలాలన్నీ ప్లాట్లయిపోయినా, ఇబ్రహీంపట్నం వైపు మామిడితోట మాత్రం వదులుకోలేదు. కొత్త యార్డులో అంతా కంప్యూటరేనంటే జంకుతున్న చుట్టుపక్కల రైతులను, "మా బిడ్డ చేసింది, రాండ్రి" అని ఆయనే ఒప్పించాడు. గేటు మొరాయిస్తే లారీల్లో కాయ ఎండకు మగ్గిపోతుంది. దాంతోపాటు రామచంద్రం మాట కూడా పోతుంది.

అందుకే ఆమె జాగ్రత్తగా రాసింది. కాంటా పలక్కపోతే ఏం చెయ్యాలో రాసింది, ప్రింటర్ ఆగిపోతే ఏం చెయ్యాలో రాసింది. ఒక్క వివరాల సర్వీసు విషయంలో మాత్రం ఏమీ రాయలేదు. జవాబు వచ్చేదాకా గేటు అలాగే చూస్తుంది, అంతే.

ఒక మధ్యాహ్నం పరీక్ష నడుస్తుండగా తెర బిగుసుకుపోయింది. టోకెన్ రాదు, గేటు తెరుచుకోదు. ప్రవీణ కంగారుగా తలెత్తి చూస్తే, చక్రపాణి గారు తన సర్వీసును తానే ఆపేసి, తాపీగా టీ తాగుతున్నారు.

"ఎందుకమ్మా ఇక్కడ ఆగింది?"

"మీ సర్వీసు కోసం చూస్తున్నది సార్."

"నేను పలక్కపోతే ఏం చెయ్యాలో రాయలేదేం?"

"అది మీరు రాసిన్రు గదా సార్. మీది బంద్ అయితదని నేనెట్ల రాస్త? మంచిగుంటదా?"

నవ్వొచ్చే మాటే. కానీ ఆయన నవ్వలేదు, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"గౌరవం నాకివ్వమ్మా, నా సర్వీసుకి కాదు. అది కూడా అన్నిటిలాంటి యంత్రమే. రెండు మూడు సార్లు పిలువు. పలక్కపోతే పిలవడం మానెయ్. ఊరికే పిలుస్తూ కూర్చుంటే దానికీ ఊపిరాడదు, నీ పనీ సాగదు. కాసేపాగి మళ్లీ ఒకసారి అడిగి చూడు. ఈలోగా నీ చేతిలో ఉన్నదాంతో కానిచ్చెయ్."

ఇంట్లో లోడు ఎక్కువైతే కరెంటు మీట దానంతటదే పడిపోతుంది కదా, ఇదీ అంతే. దీన్ని సర్క్యూట్ బ్రేకర్ అంటారని పుస్తకంలో ప్రవీణ చదివిందే. పెద్దవాళ్ల విషయంలోనూ అది వర్తిస్తుందని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు. మనసొప్పకపోయినా మళ్లీ రాసింది. వివరాలు రాకపోతే లారీ నంబరు మీదే టోకెన్ ఇవ్వాలి, పేరు తర్వాత నింపుకోవాలి.

యార్డు తెరిచిన రోజు ప్రవీణ గేటు దగ్గరే నిలబడింది. పొద్దెక్కేసరికి లారీలు బారులు తీరాయి. ఉన్నట్టుండి టోకెన్ల మీద పేర్లు రావడం ఆగిపోయింది. వివరాల సర్వీసు పడిపోయింది. ఇక గేటు కూడా ఆగుతుందని ప్రవీణ తెరవంకే చూసింది. గేటు ఆగలేదు. లారీ తర్వాత లారీ, ఉత్త నంబరున్న టోకెన్ తీసుకుని లోపలికి పోతూనే ఉంది.

తండ్రి లారీ వచ్చింది. రామచంద్రం టోకెన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది బిడ్డా, నా పేరే లేదు?"

"పేరు తర్వాత ఒస్తది నాయినా. ముందు కాయ నీడకు పోనియ్."

ఆయన ఒక క్షణం కూతురి ముఖంలోకి చూసి, "సరే తియ్" అని లారీ ఎక్కాడు. వెనకున్న రైతులు కూడా ఇంకేం అడగలేదు.

అప్పుడు ఫోను మోగింది. చక్రపాణి గారి గొంతు ఎప్పటిలా లేదు. "తప్పు నాదేనమ్మా. సర్వే నంబరుకు ఒక్కడే రైతనుకుని రాశాను. ఒకే నంబరులో అన్నదమ్ములు ముగ్గురు ఉంటారని నాకు తట్టలేదు. నా కోడు దాని దగ్గరే పడి లేస్తోంది. సరిచేస్తున్నాను. లారీలు ఎంతదాకా ఆగిపోయాయి?"

"ఒక్కటి గూడ ఆగలే సార్."

"మరి గేటు నా కోసం చూడలేదూ?"

"జరసేపు చూసింది సార్." ఈ మాట ఒక పెద్దమనిషితో అంటానని ప్రవీణ ఎన్నడూ అనుకోలేదు. "మీరు పలకకపోయేసరికి, ఇగ మీ కోసం ఆగలే."

అవతల చక్రపాణి గారు నవ్వారు. ఆ నవ్వులో కొంత తడి ఉంది.

"బతికించావు తల్లీ," అన్నారాయన.