వదిన వాటా చెట్లు

అన్న పోయాక ఆరెకరాల అడవిలో సగం వదిన పేరుకు మారింది. మిగతా సగం మరిదిది. రెండూ చూసుకునేవాడు మాత్రం అతనే. తీగలు నరకడం, మంట పాకకుండా హద్దు వెంట ఆకు ఊడ్చడం, గుబురైన చోట చెట్లు పలచన చేయడం, అన్నీ అతని చేతిమీదే. "మా మరిది నోరు వేపకాయ, మనసు మాత్రం వెన్న" అని వదిన నలుగురిలో అన్నప్పుడల్లా అతను తల దించుకుని చెప్పులకంటిన మట్టి చూసుకునేవాడు.

ఆ ఉదయం వదిన అటవీశాఖ ఉద్యోగి ఒకాయన్ని వెంటబెట్టుకుని అడవికి వచ్చింది. అడవులున్నవాళ్ళకు సలహాలు చెప్పే మనిషి. చెట్ల డాక్టరంటారు, సూది ఒక్కటే తక్కువ.

"నావైపన్నీ వంకరే బాబూ. మా మరిదివైపు చూడండి, దారం పట్టి నాటినట్టు! మందేమైనా వెయ్యాలా?"

"మందెందుకు వదినా? నీ వైపు రాతినేల. పైగా మంచి చెట్లకు తెగులొచ్చిందనే గదా నాలుగేళ్ళ కింద నేను కొట్టించింది," అన్నాడు మరిది, ఎవరూ అడగకముందే.

డాక్టరు వంగి, ఆకులు తోసి, ఒక మొద్దును చేత్తో తడిమాడు.

"తెగులైతే నడుమ తొర్ర పడుతుందమ్మా. దీని చేవ ఇప్పటికీ ఇనుమే. నేలా మంచిదే. పలచన చేసేటప్పుడు వంకరవి తీసి తిన్ననివి ఉంచాలి. ఇక్కడెవరో తిన్ననివే ఏరుకున్నారు. ఇప్పుడు రాలి మొలిచేదంతా వంకరవాటి విత్తనమే."

మరిది తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేదు. తనవైపు ఆ లెక్క తప్పకుండానే చేశాడు మరి.

"ఈ ఒక్కదానికి లేదేమో. మా మరిది నాతో అబద్ధమాడడు. ఇంకోటి చూడండి," అంది వదిన.

రెండోదీ గట్టిదే. మూడోదీ అంతే. నాలుగోదాని మీది ఆకులు తీయడానికి ఆమే మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వంగబోయింది.

"వద్దు వదినా," అన్నాడు. "ఒక్కదానికీ తెగులు లేదు. మా కొత్తింటి దూలాలకి నేనే కొట్టుకున్నా."

ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది. డాక్టరు పనున్నట్టు దూరంగా నడిచాడు. ఆమె తిడితే బాగుండునని మరిది ఎదురుచూశాడు. తిట్టలేదు.

"ఏవేవి?" అంది.

అతను ముందు నడిచాడు. ఆకుల కింద ఎక్కడెక్కడ ఏ మొద్దుందో, ఒక్కదానికీ వెతుక్కోనక్కర్లేకపోయింది.