బ్యాంకు మెట్ల మీద భూమేశ్

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు భూమేశ్ పోయాడని మా ఊరికి కబురు వెళ్లింది. పోయింది వేరే భూమేశ్, పాపం. వాడిదీ మా జిల్లాయే, అదే కంపెనీ. మమ్మల్ని కన్న అవ్వ దేవవ్వ ఆ కబురే నమ్మి అన్నం మానేసింది. తమ్ముడు తన గొంతు క్యాసెట్‌లో నింపి పంపాడు. దానికి అవ్వ, "పోయినోళ్ల గొంతు గూడ పెట్టెల మోగుతది. కొత్త ఫొటో సూస్తెనే ముద్ద ముడుత" అందట.

నేనూ అప్పుడు మస్కట్‌లోనే, అల్ ఖౌద్‌లో ఒక అరబ్బుల ఇంట వంట చేసేదాన్ని. తమ్ముడుండేది ఘాలాలో, కంపెనీ కూలీల క్యాంపులో. మావాళ్లు ఫొటో దిగాలంటే రువిలోని బ్యాంకుల వీధికే పోవాలి. క్యాంపులో వీడియో పెడితే, తెర మీద అద్దాల మేడ కనబడి హీరో కారు దిగాడా, అది బొంబాయిదైనా సరే, "మన రువిరా!" అని ఈలలు వేసేవాళ్లు. లోకంలో డబ్బంతా పుట్టేది ఆ వీధిలోనేనని మా అందరి నమ్మకం. సినిమాల్లో ఆ మేడ దిగేవాడికి కోటుంటుంది కదా, అందుకని రూమ్ మొత్తానికీ కలిపి ఒక నల్ల కోటు ఉండేది. ఎవరు ఫొటో దిగినా అదే కోటు.

శుక్రవారం పొద్దున తమ్ముడు ఆ కోటు పట్టుకుని ఫొటోకు బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. ఆ వీధిని చూడటం అదే మొదలు. బ్యాంకులన్నీ మూసి ఉన్నాయి, రోడ్డంతా మావాళ్లదే. మెడ ఎంత ఎత్తినా మేడ అయిపోదే! గోడంతా అద్దం. ఆ అద్దంలో నల్లటి కొండలు, ఆకాశం, ఆకాశంలో పోయే పావురాలు. మబ్బు కదిలితే గోడే కదిలినట్టుంది. నాకు తెలియకుండానే చెప్పులు విప్పి, ఆ నున్నటి మెట్ల ముందు చేతులు జోడించాను.

"అక్కా, గుడి గాదే!" అని నవ్వాడు తమ్ముడు.

"ఏమోరా, ఆకాశాన్నే గోడకు దింపిండ్రు. దండం పెడితె నీదేం పోతది?"

తమ్ముడు కోటు తొడిగి, నల్ల కళ్లద్దాలు పెట్టి, కర్రలా నిలబడ్డాడు. ఫొటోలు తీసే హైదరాబాదీ సర్దార్, "జర నవ్వు భాయ్! సేఠ్ లెక్క నిలబడు!" అంటూ ఒకటి తీశాడు.

నేను వాణ్ణి తేరిపార చూశాను. "సర్దార్ బాయ్, వీడెవడో నాకే తెలుస్తలేదు. అవ్వ ఎట్ల గుర్తుపడ్తది? ఒరే, ఆ కోటు ఇడువు."

"గింత దూరమచ్చి కూలోని లెక్క దిగాల్నా? ఊరోళ్లు నవ్వరా?"

"అన్నం మానింది ఊరోళ్లు గాదురా!"

 వాడు కోటు, కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చాడు. తలకు తువ్వాల చుట్టుకుని మెట్టు మీద గొంతుకూర్చున్నాడు. పొలం గట్టున కూర్చున్నట్టే, ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి దవడ కింద. వెనక అద్దంలో కొండలు. సర్దార్ ఈసారి నవ్వమనలేదు.

సెలవు మీద ఇంటికి పోతున్న, తమ్ముడి రూమ్‌లోనే ఉండే చెన్నయ్య చేత రెండు ఫొటోలూ పంపాం. అతను తిరిగి వచ్చేదాకా నాకు ముద్ద దిగితే ఒట్టు. వస్తూ అవ్వ మాటలు నింపిన క్యాసెట్ తెచ్చాడు. ఘాలాలో, తమ్ముడి రూమ్‌లో అందరం టేప్‌రికార్డర్ చుట్టూ చేరాం. అవ్వ గొంతు సన్నగా పలికింది.

"కొడుకా, సూసిన. గట్ల దవడ కింద చెయ్యి పెట్టుకోని కూసునేటోడు నా భూమయ్యే. గా దినమే అన్నం తిన్న. నీ ఎనక గోడల ఆకాశం ఎట్ల పట్టిందిరా? ఎంత పెద్ద జాగల ఉన్నవు బిడ్డా! ఇంకో ఫొటోల నల్లకోటాయన ఆ మేడ ఆసామా? దొర లెక్క ఉన్నడు. నిన్ను ఆయన మెట్ల మీద కూసోనిచ్చిండు, సల్లగుండాలె. నా దండాలు చెప్పు."

ఎవరూ నవ్వలేదు. భూమేశ్ కళ్లు తుడుచుకుని లేచాడు. గోడకు వేలాడుతున్న కోటు ముందు నిలబడి, చేతులు జోడించాడు.

"దొరా, మా అవ్వ దండాలు చెప్పుమంది."

అప్పుడు నవ్వాం, రూమంతా.