సగం కీలు, పూర్తి కీలు

ఎముకల డాక్టరు కాగితం మీద తొడ ఎముక బొమ్మ గీసి, పైనున్న బంతిని అడ్డంగా కొట్టేశాడు. "విరిగింది ఇక్కడ. ఇక అతకదు. ఈ బంతి ఒక్కటే మారిస్తే సగం మార్పిడి. అది కూర్చునే గిన్నె కూడా మారిస్తే పూర్తి మార్పిడి. మీ అమ్మగారు ఇంట్లోనే నాలుగడుగులు వేసే మనిషి కదా, సగం చాలు. ఆపరేషనూ త్వరగా అయిపోతుంది."

కొడుకు తలూపాడు. పక్కనున్న కోడలి గుండె గుభేలుమంది. "ఇంట్లోనే" అన్న ముక్క రాయించింది తనే మరి!

అత్తగారు టైలరు షాపులో కటింగ్ మాస్టరు. "ఈ వయసులో కత్తెర పట్టుకుని నా పరువు తీస్తావా" అని కొడుకు మాన్పించి మూడేళ్లయింది. ఆవిడ మానిందెక్కడ? ఆయనగారు అటు ఆఫీసుకి బయల్దేరగానే ఈవిడ ఇటు షాపుకి బయల్దేరేది. రెండంతస్తులెక్కి, సాయంత్రం దాకా బల్ల దగ్గర నిలబడి కోటు గుడ్డలు కత్తిరించి, కొడుకు వచ్చేసరికి సోఫాలో మూలుగుతూ కూర్చునేది. ఆ మూలుగు నేర్పింది కోడలే. నిన్న షాపు మెట్ల మీద పడితే, బాత్రూంలో జారారని మొగుడికి చెప్పిందీ తనే. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు నర్సు "పనేమైనా చేస్తారా?" అని అడిగితే, మొగుడు పక్కనే ఉండటంతో "అబ్బే, ఇంట్లోనే" అనేసింది.

"ఒకవేళ బాగా తిరిగే మనిషైతే?" అని అడిగింది ఇప్పుడు.

"లోహపు బంతి రాసుకుని రాసుకుని సొంత గిన్నె అరిగిపోతుంది. మళ్లీ కోయాల్సి రావచ్చు. అలాంటివాళ్లకి పూర్తిదే మేలు." డాక్టరు వాచీ చూసుకున్నాడు. "పది నిమిషాల్లో లోపలికి తీసుకెళ్తాం."

పక్కనే స్ట్రెచరు మీదున్న అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది. "నోరెత్తావంటే చూడు," అని గొణిగింది. "వాడు నన్నిక గడప దాటనివ్వడు."

"చెప్పకపోతే మీ కాలే దాటనివ్వదు అత్తయ్యా."

నర్సు బ్రేకు తీసింది. చక్రాలు కదిలాయి. కోడలికి మొగుడి కోపానికి భయపడుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. గబగబా వెళ్లి స్ట్రెచరుకి అడ్డంగా నిలబడింది.

"అబద్ధం రాయించాను డాక్టరుగారూ. ఆవిడ షాపులో రోజుకి ఆరు గంటలు నిలబడి పని చేస్తారు. పడిందీ అక్కడే."

కొడుకు మొహం కందగడ్డయింది. "మూడేళ్ల నుంచీ ఇద్దరూ కలిసి నన్ను వెధవని చేశారన్నమాట!"

డాక్టరు ఆయన్ని పట్టించుకోకుండా స్ట్రెచరు మీదకి వంగాడు. "నిజమేనా అమ్మా?"

"ఆరు కాదు, ఏడు," అంది ఆవిడ.

డాక్టరు సగం మార్పిడికి రాసిన అంగీకార పత్రం చింపి కొత్తది తెప్పించాడు. "పూర్తి మార్పిడిలో కీలు జారే ప్రమాదం కాస్త ఎక్కువ. మొదటి మూడు నెలలూ చెప్పినట్టు వినాలి," అంటూ కాగితం, పెన్ను కొడుకు చేతికిచ్చాడు.

కొడుకు సంతకం పెట్టలేదు. తల్లి ఎదురుగా ఉన్నా పెళ్లాంతోనే అన్నాడు. "మళ్లీ ఆ షాపు మొహం చూడనని ముందు మాటివ్వమను."

నర్సు గోడ గడియారం వైపు చూసింది.

అత్తగారు చెయ్యి చాచింది. "పెన్ను ఇటు తేరా. విరిగింది నా కాలు."

కొడుకు కదల్లేదు. కోడలు అతని వేళ్లలోంచి పెన్ను లాగి అత్తగారి చేతిలో పెట్టింది.