బండెక్కిన ఫోన్

రోడ్డు తవ్వే మిషన్ ఇంటర్నెట్ వైరును తెంపేసింది. మంజుల కంగారు పడలేదు.

మిర్యాలగూడలో ఆమె పనిచేసే లారీ బుకింగ్ ఆఫీసు ఫోన్లు కొంతకాలంగా ఇంటర్నెట్ మీదే నడుస్తున్నాయి. నెట్ పోతే కాల్స్ వాటంతటవే ఓనరు శివకుమార్ సెల్‌కు వెళ్లేలా నిన్ననే ఆమె ఏర్పాటు చేసింది. ఈ రోజు పదకొండు గంటలకు హైదరాబాద్ బియ్యం కంపెనీ పరీక్షగా ఫోన్ చేస్తుంది. ఎత్తితే ఏడాది లోడ్లన్నీ వీళ్లవే. ఎత్తకపోతే ఆఫీసుకు తాళం పడుతుంది, మంజుల సొంతూరు త్రిపురారం బస్సెక్కాల్సిందే.

ఎందుకైనా మంచిదని తన సెల్ నుంచి ఆఫీసు నంబరు కొట్టింది. ఎంగేజ్.

శివకుమార్ సెల్‌కు కొట్టింది. అదీ ఎంగేజే.

అప్పుడు గుర్తొచ్చింది. బండెక్కే ముందు సెల్‌ను ఆఫీసుకు డైవర్ట్ చేయడం శివకుమార్‌కు అలవాటు. ఇప్పుడు ఆఫీసు కాల్ అతని సెల్‌కు పోతోంది. సెల్ దాన్ని మళ్లీ ఆఫీసుకే తోస్తోంది.

"డైవర్ట్ తీసెయ్ అన్నా" అని మెసేజ్ పెట్టింది. జవాబు లేదు.

పొద్దున అతను బయల్దేరింది నేరేడుచర్ల మిల్లుకు. ఇక అక్కడి గుమస్తా అచ్చయ్యే దిక్కు.

"పెదనాయనా, శివన్న గాడికొచ్చిండా?"

"గిప్పుడే బండి దిగిండు. ఛాయ్ తాగుతుండు. ఏందమ్మా పరేషాన్?"

"ముందు ఆయనకు ఫోనియ్యి!"

శివకుమార్ హుషారుగా అందుకున్నాడు. "నీ మెసేజ్ చూసి ఆఫీసుకే చేసిన మంజులా. ఎంగేజొస్తుంది. గిరాకీ మస్తుగున్నట్టుంది గదా!"

"ఏం గిరాకీ అన్నా! గీడ నెట్టే లేదు. నీ ఫోన్‌కు నువ్వే చేసుకున్నవ్."

"నాకు నేనెట్ల చేసుకుంట?"

"అదంత తర్వాత చెప్త. పదకొండైతుంది, డైవర్ట్ తియ్యి!"

"అరవకమ్మా, తీస్తున్న. జర గ్లాసన్న కింద పెట్టనియ్యవా?"

కాసేపటికి మంజుల సెల్ మోగింది. కంపెనీ మేనేజరు.

"మీ ఓనరు గారు వెంటనే ఎత్తారండి. సాయంత్రం ఇంకోసారి చేసి చూసి ఖాయం చేసేస్తాం."

మంజుల ఊపిరి పీల్చుకుని ఆ మాట చెబుదామని శివకుమార్‌కు కొట్టింది.

ఎంగేజ్. మళ్లీ బండెక్కాడు.

మధ్యాహ్నం నెట్ రాగానే, నెట్ పోతే కాల్స్ వెళ్లే చోట అతని నంబరు తీసేసి తన నంబరు పెట్టింది. అప్పుడే లోపలికొచ్చిన శివకుమార్ తొంగి చూశాడు.

"అయ్యో, మరి నా నంబరు?"

"నీది నీ జేబులనే ఉండనియ్యి అన్నా. దండం పెడ్త."