కన్యాకుమారి నుంచి శ్రీనగర్: ఆరో రివిజన్

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలకు ఒక జబ్బు ఉంది. ఏది కంటపడినా నోట్సు రాస్తారు. రాసిందాన్ని కుదించి షార్ట్ నోట్సు రాస్తారు. ఆ తర్వాత దాన్ని రివిజన్ చేస్తారు. రేణుకకు ఈ జబ్బు బాగా ముదిరింది. అందుకే, రూమ్మేట్ సంధ్యతో కలిసి సైకిళ్ల మీద దేశం ఆ చివర నుంచి ఈ చివరకు పోవాలనుకున్నప్పుడు ఆమె కొన్నది సైకిల్ కాదు, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు.

ఆ నోట్సు చూస్తే ఎవరైనా ముచ్చటపడాల్సిందే. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మొత్తం అందులో ఉంది. రోజుకు ఎనభై కిలోమీటర్ల చొప్పున నలభై ఏడు రోజులు తొక్కడం, ఐదు రోజులు విశ్రాంతి. మొదటి రోజు కన్యాకుమారి నుంచి తిరునల్వేలి. ఇరవయ్యో రోజు నిర్మల్ నుంచి ఇచ్చోడ, మధ్యలో కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కాలి కాబట్టి ఆ రోజు దూరం తక్కువ. ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఇద్దరు ఆడపిల్లలు దిగడానికి ఎక్కడ భయం లేదు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పంక్చర్ షాపు దొరకదు, అన్నీ నీలం ఇంకులో ఉన్నాయి. ఎండలు, వానలు, మంచు మాత్రం ఎర్ర ఇంకులో.

అన్నీ ఉన్నాయి గానీ, రేణుకకు సైకిల్ తొక్కడం రాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, సరిగ్గా అదే సంగతి. ఆ ముక్క ఆమె సంధ్యకు చెప్పలేదు.

చెప్పాల్సిన రోజు ఒకటి వచ్చింది, పోయింది. మూడేళ్ల కిందట పరీక్ష రెండోసారి వాయిదా పడినప్పుడు, చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ బండి దగ్గర సంధ్య గ్లాసు టక్కున కింద పెట్టింది.

"మల్ల వాయిదా ఏస్తె, నేను సైకిలేస్కొని కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాక పోత, చూడు. వస్తవా నువ్వు?"

"వస్త," అంది రేణుక.

"సైకిలొస్తది గద?"

"ఊర్ల పుట్టి సైకిల్ రాకుంటెట్లనే?"

సంధ్య చిన్నప్పుడు బడికి ఆరు కిలోమీటర్లు సైకిల్ మీద పోయిన పిల్ల. ఆ కబుర్లు ఎప్పుడూ చెబుతూ ఉండేది. రేణుక వాళ్ళ బడి ఇంటికి ఎదురుగానే. తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి నాయన సైకిల్ తీసి, పడి, మోచెయ్యి విరగ్గొట్టుకుంది. మళ్ళీ దాని జోలికి పోలేదు. అంతకన్నా పెద్ద కథేం లేదు. సిగ్గుపడాల్సినంతది అసలే కాదు. ఆ సాయంత్రం నవ్వేసి చెప్పి ఉంటే టీ చల్లారకముందే ఆ ముచ్చట ముగిసిపోయేది. ఎగ్జామ్ హాల్లో తప్పు బబుల్ నింపితే దిద్దుకోలేరు గానీ, దోస్తు ముందు దిద్దుకోవడానికి ఏమడ్డం? రేణుక దిద్దుకోలేదు. ఆ రాత్రికే నోట్సు మొదలుపెట్టింది.

పరీక్ష మూడోసారి వాయిదా పడింది. హాస్టల్ అంతా ఏడ్చింది, తిట్టింది, కొందరు ధర్నాకు పోయారు. రేణుక ఒక్కతే లోలోపల ఊపిరి పీల్చుకుంది. తారీఖు మారిందంటే కాలం మారింది, కాలం మారిందంటే దారి మళ్ళీ రాయాలి. ఫిబ్రవరిలో బయల్దేరితే దక్షిణం నుంచి ఉత్తరానికి. సెప్టెంబర్‌లో అయితే ఉత్తరం నుంచి దక్షిణానికి. నవంబర్‌లో తమిళనాడులో వానలు, జనవరిలో కాశ్మీర్‌లో మంచు, మే నెలలో నాగపూర్ నిప్పుల కుంపటి. వంకలేనమ్మ డొంక పట్టుకు వేలాడినట్టు ప్రతిసారీ ఆమెకు ఒక కాలం దొరికేది. అలా ఐదు రివిజన్లు అయ్యాయి. సంధ్య ప్రతి రివిజన్‌నూ జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని, పుస్తకాల మధ్య దాచుకునేది.

మధ్యలో ఒకసారి ఇద్దరూ నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర మొగిలయ్య సైకిల్ షాపుకు పోయారు, ఊరికే చూసి వద్దామని. మొగిలయ్య ఒక సైకిల్ బయటకు తీసి, "జర నడిపిచ్చి చూడు బిడ్డా," అని రేణుక చేతికిచ్చాడు. ఆమె హ్యాండిల్ పట్టుకుని నాలుగడుగులు నడిపించింది. సల్వారుకు చైను నూనె అంటుకుంది. అంతే జరిగింది. హాస్టల్‌కొచ్చి సబ్బుతో రుద్దుకుని ఆ సంగతి మరిచిపోయింది.

పరీక్ష ఎట్టకేలకు నిరుడు డిసెంబర్‌లో జరిగింది. అదే నెలలో సంధ్యకు అంతకుముందెప్పుడో రాసిన గురుకులం టీచర్ పోస్టు వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో చేరాలి. ఫిబ్రవరి, మార్చి ఖాళీ. పరీక్ష లేదు, వాన లేదు, శ్రీనగర్ చేరేటప్పటికి మంచు కరుగుతుంది. రేణుక ఆరో రివిజన్ రాసింది. ఈసారి ఎర్ర ఇంకు అవసరం పడలేదు.

జనవరి పదిహేడున పొద్దున్నే సంధ్య హాస్టల్ కింద నుంచి పిలిచింది. దిగి చూస్తే గేటు ముందు రెండు సైకిళ్లు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. మొగిలయ్య దగ్గర కొని తెచ్చిందట. నీలం సైకిల్ సీటు బాగా కిందికి ఉంది.

"దా, ఇందిరా పార్కు దాక పోదాం. ఇంక పదిహేను రోజులున్నది గద. రోజు పొద్దున తొక్కితె అలవాటైతది," అంది సంధ్య.

రేణుకకు మోచెయ్యి విరిగిన చోట నిజంగానే నొప్పి లేచినట్టయింది. చెప్పేయాలనే అనుకుంది, నోరు తెరిచింది కూడా. బయటికొచ్చింది మాత్రం వేరే మాట.

"ఆగు సంధ్యా. పొద్దుగాల్నే చూసిన. జమ్మూ దాటినంక కొండచరియలు పడ్డయంట. ఏప్రిల్ దాక రోడ్డు తెరువరంట."

"అయితె జమ్మూ దాక పోదాం. ఆడికెల్లి రైలెక్కుదాం."

"సగం పోవుడెందుకే? పోతె పూర్తిగ పోవాలె. లేకుంటె వద్దు."

సంధ్య కాసేపు ఆమె మొహంలోకి చూసింది. సైకిల్ బెల్లు మీద వేలు పెట్టి, కొట్టకుండా, తీసేసింది.

"ఇంకేమన్న చెప్పేదున్నదా?"

"ఏం లేదు."

"సరె అయితె. దారి నీది. నువ్వు లేకుంట నేను పోను."

ఆ మాట అనేసి రెండు సైకిళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి మొగిలయ్య షాపుకు తీసుకుపోయి పెట్టి వచ్చింది. రేణుక తేలు కుట్టిన దొంగలా గదిలో కూర్చుని, ముందున్న పుస్తకంలో ఒకే పేరాను పదిసార్లు చదివింది. ఏప్రిల్‌లో సంధ్య పెట్టె సర్దుకుని ఇచ్చోడ దగ్గరి గురుకులానికి వెళ్ళిపోయింది. పోయేటప్పుడు ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేదని రేణుకకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జూన్ చివర్లో మొగిలయ్య ఫోన్ చేశాడు. "బిడ్డా, నీ సైకిల్ తీస్కపో. వానలకు తుప్పు వడ్తున్నది."

"నా సైకిల్ ఏడిది కాకా?"

"నీలంది. సంధ్య బిడ్డ ఎర్రది ఎవలకో ఇచ్చేసింది గని, ఇది నీ కోసం ఉంచుమన్నది."

రేణుక వెళ్ళింది. షాపు వెనక టైర్ల మధ్య నీలం సైకిల్, అదే కిందికి దించిన సీటుతో ఉంది. హ్యాండిల్‌కు ఒక గుడ్డ సంచి వేలాడుతోంది.

"సీటు గింత కిందికెందుకున్నది కాకా?" అని ఊరికే అడిగింది.

"నేర్చుకునేటోళ్లకు కాళ్లు రెండు నేలకానాలె గద."

మొగిలయ్య చేతులు గుడ్డతో తుడుచుకుంటూ తాపీగా చెప్పాడు.

"మొదలు మీరొచ్చిన్నాడు నువ్వు సైకిల్‌ను చైను దిక్కు నిలవడి నడిపిచ్చినవు. సైకిల్ వచ్చినోళ్లు ఎన్నడన్న గా దిక్కు నిలవడ్తరా? నాకు నవ్వాగలె. ఆ బిడ్డ నవ్వకుమని సైగ జేసింది. నువ్వు జరంత దూరం పోయినంక, మా దోస్తు సిగ్గువడ్తది కాకా, దానంతట అదే చెప్తది, అప్పటిదాక నువ్వు అనకు, అన్నది. మంచి పిల్ల."

సంచిలో ఆరో రివిజన్ జిరాక్సు ఉంది. మొదటి పేజీలో, రేణుక రాసిన 'మొదటి రోజు: కన్యాకుమారి' అన్న వరుసకు పైన, సంధ్య పెన్సిల్‌తో ఇలా రాసుకుంది: 'దానికి ముందు పదిహేను రోజులు: ఇందిరా పార్కు వెనక రోడ్డు, పొద్దున ఐదున్నర. రేణుకకు నేర్పాలె. నవ్వొద్దు.'

ఆ నవ్వొద్దు అన్న మాట దగ్గర రేణుకకు ఏడుపు ఆగలేదు. మొగిలయ్య ఏమీ ఎరగనట్టు రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు ఆయన పెడళ్లు రెండూ ఊడదీసి, "కాళ్లతోని నేలను తన్నుకుంట పో," అన్నాడు. ఆమె ఇందిరా పార్కు వెనక రోడ్డుకే పోయింది. మొదటి రోజు రెండుసార్లు పడింది, మోచెయ్యి గీరుకుంది, విరగలేదు. రెండో రోజు కాళ్లు ఎత్తినా బండి నిలబడింది. మూడో రోజు మొగిలయ్య పెడళ్లు బిగించాడు. నాలుగో రోజు ఆమె పార్కు చుట్టూ తిరిగి, అశోక్‌నగర్ దాకా ఎక్కడా కాలు కింద పెట్టకుండా వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. గాలి మొహానికి తగులుతుంటే హాయిగానే ఉంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేసింది.

"సంధ్యా, నేను అబద్ధం చెప్పిన. నాకు సైకిల్ రాకుండె."

"తెలుసు."

"కొండచరియల ముచ్చట గూడ..."

"అది గూడ తెలుసు. ఆ పొద్దే ఫోన్ల చూసిన. రోడ్డు మంచిగనే ఉండె."

"మరెందుకు అడగలేదే?"

"అడిగిన గద. ఇంకేమన్న చెప్పేదున్నదా అని."

"ఇప్పుడు పోదామా? నీకు సెలవులిచ్చినప్పుడు?"

"దసరాకు పది రోజులిస్తరు. పది రోజులల్ల ఏడికి పోతం? పెద్ద సెలవులంటె మే నెలల. మే నెలల నాగపూర్ల తొక్కొద్దని నువ్వే రాసినవు, ఎర్ర ఇంకుతోని." సంధ్య మాటలో కోపం లేదు. వెనక లారీ హారన్ వినిపించింది. "మా గేటు ముంగటనే ఆ రోడ్డు. నీ ఇరవయ్యో రోజు. పొద్దున పిల్లలను లైన్ల నిలవెట్టి రోజు చూస్త."

"నన్ను మాఫ్ చెయ్యవే."

"అది ఎప్పుడో చేసిన. మరి ఇప్పుడొస్తదా సైకిల్?"

"వస్తది. పొద్దున పార్కు చుట్టు తిరిగొచ్చిన."

"ఎన్ని రోజులు వట్టింది?"

"నాలుగు."

అవతల ఇంకో లారీ పోయింది.

"నేను పదిహేను అనుకున్న," అంది సంధ్య.