కొస వదిలినవాళ్లు

"రంగూను వదిలేసి పారిపోయిన దొరలకి ఇప్పుడు మా పడుగు మీద కన్ను పడిందా? సిగ్గులేదుటయ్యా మీకు?"

చౌడేశ్వరమ్మ గొంతు మంగళగిరి నేతగాళ్ల వీధి ఆ చివరిదాకా వినిపించింది. ఆ మాట తగిలింది శేషగిరిరావుకి. విమానదాడుల జాగ్రత్తలు చెప్పటానికి బెజవాడ నుంచి కారులో దిగిన ఆఫీసరు ఆయన. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక ఇలాంటివాళ్లు పుట్టగొడుగుల్లా లేచారు. పడకముందు ఒక్కడూ కనపడలేదు.

వీధి పొడవునా గుంజలకి బిగించిన తెల్లటి పడుగు నూలు గంజి తడి ఆరక మెరుస్తోంది.

"పైనుంచి చూస్తే ఈ తెల్లగీత బాణంలా కృష్ణ వంతెన వైపు చూపిస్తుందమ్మా. జపానువాడికి మీరే దారి చెప్పినట్టు. తీసెయ్యండి."

"మరి కృష్ణ కనపడదా వాడికి?" అన్నాడు పక్కింటి కోటిలింగం. "నదిని కూడా చాపలా చుట్టి అటకెక్కించమంటారాండీ?"

వీధంతా నవ్వింది. చౌడేశ్వరమ్మ నవ్వలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు సాంబమూర్తి పట్టాళంలో చేరి బర్మా వెళ్లాడు. రంగూను పడిపోయిన దగ్గర్నుంచి వాడి జాడ లేదు. ఏ ఆఫీసు గడప ఎక్కినా ఒకటే మాట: "వెనక్కి తగ్గటం కూడా ఒక వ్యూహమే." వ్యూహమైతే మనుషులు ఎక్కడున్నారో తెలియాలిగా? తెలిసి దాస్తున్నారా, తెలియక బుకాయిస్తున్నారా?

"మీ ఇంట్లోవాళ్లు బెజవాడలోనే ఉన్నారాండీ?" అని మెత్తగా అడిగింది.

ఆఫీసరు తడబడ్డాడు. "వాళ్లు... ఎండలని హైదరాబాదు వెళ్లారు."

"అక్కడ మంచు కురుస్తోంది కాబోలు!" అన్నాడు కోటిలింగం.

ఆయన మొహం కందగడ్డ అయింది. పడుగు అవతలి చివర నిలబడ్డ తన జవానుకి చెయ్యి ఊపాడు. వాడు తాడు ముడి లాగేశాడు.

నేతవాళ్లలో ఒక కట్టుబాటుంది. పడుగు కొస విప్పేవాడు "వదులుతున్నా!" అని కేకేస్తాడు. ఇవతలివాళ్లు "పట్టుకున్నాం!" అని బదులు పలికిందాకా ముడి ముట్టుకోడు. జవాను కేకెయ్యలేదు. తడి పడుగంతా దుమ్ములో కూలింది. పోగుకి పోగు అంటుకుపోయింది. ఇవతలి కొస దగ్గర చౌడేశ్వరమ్మ మొగుడు పాండురంగయ్య కూలిన పోగుల్ని ఎత్తబోయాడు.

"చెప్పి వదలొద్దుటయ్యా?" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఆ మాటతో చౌడేశ్వరమ్మకి కొడుకు గుర్తొచ్చాడు. రంగూనులోనూ జరిగింది ఇదే! పైవాళ్లు ముడి విప్పుకుని పోయారు. ఈ కొస పట్టుకున్న తన కొడుక్కి ఒక్కడూ కేకెయ్యలేదు. ఆ పాపానికి వ్యూహమని పేరు పెట్టుకున్నారు.

దుమ్ముకొట్టుకుపోయిన పోగుల్ని రెండు చేతులా ఎత్తుకెళ్లి కారు ముందు నిలబడింది.

"ఇవి తీసుకెళ్లి మీ దొరలకి చూపించు. రంగూను వదలమన్నవాడెవడో మాకు పేరు చెప్పాలి. వాణ్ణి కుర్చీ దించాలి. బర్మా అడవుల్లో మిగిలిన మా బిడ్డల్ని వెతకటానికి ఇప్పుడే మనుషుల్ని పంపాలి. రేపు బెజవాడ వదలాల్సొస్తే ముందు మాకు కేకెయ్యాలి. 'పట్టుకున్నాం' అని మేం పలికాకే మీ బళ్లు కదలాలి!"