నల్లరేగడి మైకు

నేను ఒక మైకును. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో పల్చటి పొర, తీగచుట్ట, పైన ఇనుప జాలీ బిగించి నన్ను పెట్టెలో పెట్టారు. పెట్టె తెరిచేసరికి నంద్యాల బస్టాండులో ఉన్నాను. మనుషుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. నన్ను ఆన్ చేసినప్పుడు ఒక మాట, ఆఫ్ చేశాక ఇంకో మాట. ఆఫ్ చేస్తే నాకు వినపడదని వాళ్ల ధైర్యం.

అక్కడ ఏడేళ్లు నా ముందు కూర్చున్నది సాలోమి. ఆత్మకూరు బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పే గొంతు ఆమెదే. ఎంత మెత్తటి గొంతంటే, బస్సు తప్పిపోయినవాళ్లకు కూడా కోపం వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె గదికి గడియ పెట్టి నన్ను ఆఫ్ చేసింది. వెంటనే ఎవరో మగవాడు గుర్రుమన్నాడు. బావి అడుగున బండరాళ్లు ఈడ్చినట్టుంది ఆ గొంతు. వీడెప్పుడు లోపలికొచ్చాడు, ఈ పిల్లకు ఏమవుతాడు అని నాకు అనుమానం పట్టుకుంది. రోజూ భోజనం వేళకే వచ్చేవాడు. కానీ అన్నం తినే చప్పుడు మాత్రం ఒక్కరిదే. ఆ గుర్రుమనే ఊపిరీ సాలోమి ఊపిరీ ఒకటేనని పోల్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తరవాత బస్టాండుకు రికార్డు చేసిన గొంతు వచ్చింది. సాలోమిని ఎంక్వయిరీ కిటికీకి మార్చారు. పాత సామాన్లలో పడబోయిన నన్ను ఆమె మేనేజరును అడిగి, కాగితం రాయించుకుని మరీ తీసుకుపోయింది.

తీసుకుపోయింది మూతపడిన ఒక పత్తి జిన్నింగు మిల్లుకు. అక్కడ టైర్ల షాపు ఓబులేసు గిటారు వాయిస్తాడు, ఖాజా డ్రమ్ములు. వాళ్లది డెత్ మెటల్ బృందం. మిల్లు రేకులు అదిరేటట్టు వాయిస్తూ, గొంతు అడుగునుంచి గర్జించే సంగీతం అది. ఆ గర్జన సాలోమిది. ఓబులేసుకు పాతకాలపు ఈజిప్టంటే పిచ్చి. ఆ జనం తమ దేశాన్ని నల్లమట్టి అని పిలుచుకునేవారని చదివి, మనదీ నల్లరేగడే కదా అని బృందానికి నల్లరేగడి అని పేరు పెట్టాడు.

వాళ్ల పెద్ద పాటలో చచ్చిపోయినవాడు న్యాయం చెప్పే దేవుళ్ల ముందు నిలబడతాడు. నేను దొంగతనం చేయలేదు, ఎవరి నీళ్లూ మళ్లించుకోలేదు, అబద్ధం ఆడలేదు అని ఒక్కొక్కటే చెప్పుకుంటాడు. అయినా వాళ్లు అతని గుండెను తక్కెడలో ఈకకు ఎదురుగా వేసి తూస్తారు. గుండె బరువైతే మొసలి తల ఉన్న మృగం మింగేస్తుంది. మనిషి మాటను చచ్చాక కూడా ఊరికే నమ్మని ఆ దేవుళ్లు నాకు బాగా నచ్చారు.

సాలోమి తండ్రి ఏసోబు కూడా ఆ కోవకు చెందినవాడే. ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్ లేనివాణ్ణి వెనకనుంచి మెడ చూసి పట్టేవాడట. చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన కాగానే ఎక్స్‌ట్రా డ్యూటీ ఉందని కూతురు వెళ్తోంది, గుర్తింపు కార్డు మాత్రం ఇంట్లో మేకుకే వేలాడుతోంది. అది చూసి ఒక ఆదివారం ఆయన వెనకాలే వచ్చాడు.

పాట మధ్యలో మిల్లు తలుపు దబదబా మోగింది. ఖాజా తీశాడు. ఏసోబు ఎవరినీ పలకరించకుండా మూలలు వెతికాడు, చిరిగిన పత్తి బోరాల వెనక కూడా చూశాడు.

"వాడేడీ?" అన్నాడు.

"ఎవరు నాయనా?"

"ఇంతసేపూ అరిచినోడు."

సాలోమి నన్ను నోటి దగ్గర పెట్టుకుని ఒక్క చరణం పాడింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. గోడమీద ఓబులేసు అంటించిన ఈజిప్టు దేవుళ్ల బొమ్మలు చూసి, ఐగుప్తు చెర తప్పించుకుని బయటపడినవాళ్ల కథ చెప్పి నిన్ను పెంచినానే, మళ్లా ఆడికే పోతివా అన్నాడు. తరవాత ఆ పాటలో ఏముందో మామూలుగా చెప్పమన్నాడు. ఆమె ఒక్కో మాటా చెబుతుంటే, బస్సులో టికెట్లు చూసినంత శ్రద్ధగా విన్నాడు. అబద్ధం ఆడలేదు అన్నచోట చెయ్యెత్తి ఆపాడు.

"డ్యూటీ ఉందని నాతో చెప్పి వస్తాండావే. అదేంది మరి?"

సాలోమి నన్ను ఆఫ్ చేసింది. ఆయన వెళ్లిపోయాడు.

మూడేళ్లుగా ఎదురుచూసిన అవకాశం ఆ నెలలోనే వచ్చింది. కర్నూలులో ఒక కాలేజీ అన్ని బృందాలకూ పెట్టిన పోటీ. గెలిచిన బృందం పాటలను స్టూడియోలో రికార్డు చేయిస్తారు. సాలోమి ఈసారి పాడడానికి పోతున్నానని ఇంట్లో చెప్పే వచ్చింది.

హాలు నిండుగా ఉంది. పెద్ద పాట మొదలైంది. ఆడపిల్ల నోటినుంచి ఆ గొంతు వస్తుంటే, వెనక ఎవడో పాడుతున్నాడని ముందు వరుసలో గుసగుసలు. సాలోమి పట్టించుకోలేదు. దొంగతనం మాట పాడింది, నీళ్ల మాట పాడింది. అబద్ధం మాట రాగానే పాట ఆగింది. ఖాజా డ్రమ్ము ఒక్కటే నడిచింది. సౌండ్ ఆపరేటరు పరుగున వచ్చి, నా తీగ పీకి, ఆమె చేతిలో ఇంకో మైకు పెట్టాడు. మిగతా పాట అందులో పాడింది.

వాళ్లు గెలవలేదు. మైకు పాడైందని జడ్జీలు జాలిపడ్డారు. మైకు బాగానే ఉంది, నేనే పాడలేదని సాలోమి చెప్పింది. వాళ్లు నమ్మలేదు. ఓబులేసు నమ్మాడు, అందుకే ఆమెకు వీపు తిప్పి గిటారు సర్దుకున్నాడు.

అందరూ సర్దుకుంటుండగా చివరి వరుసనుంచి ఏసోబు వచ్చాడు. ఆయన వచ్చినట్టు ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"మైకు చెడిందంటాండారు?"

"లేదు నాయనా. ఆ మాట నా నోట రాలేదు."

ఆయన కూతురి ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమె సంచీ తీసి తన భుజానికి తగిలించుకుని, ఆ కాలేజీనుంచి బస్టాండుకు దగ్గరి దారేదని ఖాజాను అడిగాడు.

ఆ హడావుడిలో నేను సౌండ్ ఆపరేటరు దగ్గరే ఉండిపోయాను. అతను నన్ను ఒకసారి తగిలించి హలో హలో అన్నాడు. పలికాను. అయినా అతనికి నమ్మకం కుదరక, చెడిపోయిన మైకుల డబ్బాలో పడేశాడు. రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను.

నాకు ఏ లోపమూ లేదు. ఆ మాట దగ్గర ఆమె నోరు తెరిచింది, నిండుగా ఊపిరి పీల్చింది, పాడకుండా వదిలేసింది. అదంతా నేను స్పీకర్లకు పంపాను. అంత పెద్ద హాల్లో ఒక్క ముసలాయనకు తప్ప అది ఎవరికీ వినపడలేదు.